పగులు ఎవరి పద్దు? ఇళ్లు పరిశీలించే ఇంజనీర్లకు ముందస్తు న్యాయరక్షణ: ఒక సమీక్ష

ఇల్లు కొనేవారికీ, అప్పిచ్చే బ్యాంకుకూ, అనుమతిచ్చే మున్సిపాలిటీకీ నడుమ ఒక ఇంజనీరు సంతకం ఉంటుంది. కట్టడం ప్లాను ప్రకారమే ఉందనీ, పునాది సరిపోతుందనీ, ఆస్తి ఇంత విలువ చేస్తుందనీ ఆ సంతకం చెబుతుంది. ఇంటి ధరతో పోలిస్తే దానికి దక్కే ఫీజు చాలా చిన్నది. ఇల్లు బీటలిచ్చాక అడిగే పరిహారం మాత్రం ఇంటి ధరను బట్టే ఉంటుంది. ఈ పొంతన కుదరని లెక్క వల్లే ఒక ప్రశ్న పుట్టింది. లీగల్ నోటీసు వచ్చాక వకీలు కోసం పరుగెత్తే బదులు, ఏటా కొంత సొమ్ము ముందే కట్టి న్యాయసహాయాన్ని సిద్ధంగా ఉంచుకోవడం మేలా?

మేలేనని ఒకరంటారు. బీమా ఉండగా అదెందుకని ఇంకొకరంటారు. సంఘమే చూసుకోవాలని మూడో పక్షం. ఒప్పందం పకడ్బందీగా రాసుకుంటే ఏదీ అక్కర్లేదని నాలుగో పక్షం. ఈ నాలుగు వాదాలూ ఒకే ప్రమాదం గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తాయి కానీ, నిజానికి ఒక్కొక్కటీ వేరే ప్రమాదాన్ని చూస్తోంది. చర్చ చిక్కుపడింది అక్కడే. తమిళనాడులో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాన్ని ముందుంచుకుని ఆ చిక్కును విడదీయడం ఈ సమీక్ష ఉద్దేశం.

పరిశీలకుడంటే ఎవరు?

అమెరికాలో హోమ్ ఇన్‌స్పెక్టర్ అనేది ప్రత్యేకమైన వృత్తి. 1976లో వారికి జాతీయ స్థాయి సంఘం ఏర్పడింది. 1985లో టెక్సాస్ ఆ వృత్తిని చట్టం కిందికి తెచ్చింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మన దేశంలో ఆ పేరుతో లైసెన్సు లేదు. పెద్ద నగరాల్లో ఇంటి తనిఖీ కంపెనీలు కొన్ని ఉన్నాయి. చిన్న పట్టణాల్లో మాత్రం ఆ పని నలుగురి మధ్య చీలి ఉంటుంది: ప్లాను వేసి సంతకం చేసే రిజిస్టర్డ్ ఇంజనీరు, కట్టడం బలాన్ని చూసే స్ట్రక్చరల్ ఇంజనీరు, బ్యాంకు ప్యానెల్‌లోని వాల్యుయర్, పాత కట్టడానికి స్టెబిలిటీ సర్టిఫికెట్ ఇచ్చే చార్టర్డ్ ఇంజనీరు. ఈ నాలుగు టోపీలూ ఒకే మనిషి నెత్తిన ఉండటమూ అరుదేమీ కాదు.

టోపీ మారితే బాధ్యతా మారుతుంది. తమిళనాడులో బడులు, కల్యాణ మండపాల వంటి వాటికి 1965 నాటి పబ్లిక్ బిల్డింగ్స్ లైసెన్సింగ్ చట్టం వర్తిస్తుంది. కట్టడం భద్రంగా ఉందన్న ఇంజనీరు ధ్రువపత్రం లేనిదే లైసెన్సు రాదు. అగ్గిపెట్టెలు, బాణసంచా తయారయ్యే విరుదునగర్ జిల్లాలో ఫ్యాక్టరీ కట్టడాలకూ అలాంటి కాగితమే కావాలి. మామూలు ఇళ్ల విషయంలో 2019 నాటి తమిళనాడు ఉమ్మడి అభివృద్ధి, భవన నిర్మాణ నియమాలు రిజిస్టర్డ్ నిపుణుల పాత్రను నిర్దేశించాయి. 2024 జులైలో ఆ రాష్ట్రం 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3,500 చదరపు అడుగుల దాకా కట్టే ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది. తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం కూడా ఇదే తోవ. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ల మీద పడిన బరువూ ఇలాంటిదే. అధికారి తనిఖీ తగ్గినకొద్దీ ప్రైవేటు సంతకం మీద భారం పెరుగుతోంది.

నల్లరేగడి పెట్టే చిక్కు

కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టుపట్ల ఉన్నది తమిళులు కరిసల్ అని పిలిచే నల్లరేగడి. కోవిల్‌పట్టి పక్కనే ఇడైసేవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ తన కథలకు ఊపిరి పోసింది ఈ నేల మీదే. పత్తికి, జొన్నకు బాగా నప్పే ఈ మట్టి ఇంటి పునాదికి మాత్రం నప్పదు. అందులోని బంకమన్ను నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇక్కడ ప్రధానంగా వానలు కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వేళ. ఇంటి అంచుల వద్ద మట్టి ముందుగా తడిసి పైకి లేస్తుంది. నడిమి భాగం అంతగా కదలదు. దాంతో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు బయల్దేరతాయి.

పరిశీలన జరిగే నెలను బట్టి అదే గోడ రెండు రకాలుగా కనిపిస్తుంది. మే నెలలో వెళ్తే పగుళ్లలో పుట్టీ నింపి, పైన రంగు వేసి ఉండొచ్చు. నవంబరుకు అవే మళ్లీ నోరు తెరుస్తాయి. దీనికి సాంకేతిక పరిష్కారం లేకపోలేదు. ఉబ్బే నేలల కోసం అడుగున గుమ్మటంలా వెడల్పు చేసిన అండర్ రీమ్డ్ పైల్స్ పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. దానికి భారత ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగం. మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పే పరీక్ష ఐఎస్ 2720 నలభయ్యో భాగంలో ఉంది. అయితే కట్టేసిన ఇంట్లో నేల తవ్వి చూడనిదే ఏ రకం పునాది ఉందో బయటికి తెలియదు.

అందుకే నివేదికలోని ఒక్క వాక్యం కేసు గతిని మార్చేస్తుంది. ‘పునాది బాగుంది’ అని రాస్తే అది హామీ. ‘ఫలానా తేదీన కంటికి కనిపించినంతలో లోపం కనబడలేదు, పునాది తవ్వి చూడలేదు, మట్టి పరీక్ష చేయలేదు’ అని రాస్తే అది పరిమిత పరిశీలన. ఈ ప్రాంతంలో దీనికి తోడు ఇంకో చిక్కుంది. యజమానితో మాట ఇంట్లో తెలుగులోనో తమిళంలోనో సాగుతుంది, నివేదిక ఇంగ్లిషులో ఉంటుంది. గుమ్మంలో నిలబడి ‘ఏం భయం లేదు’ అన్న నోటిమాట యజమానికి గుర్తుంటుంది. వినియోగదారుల కమిషన్ ముందు నిలిచేది కాగితం.

చట్టం బిగిసిన తీరు

వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. ఇళ్ల నిర్మాణమూ సేవేనని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లో తేల్చింది. ఫీజు తీసుకుని చేసే వైద్యం కూడా సేవేనని 1995లో వి.పి. శాంత కేసులో చెప్పింది. అప్పటి నుంచి వృత్తి నిపుణుల మీద ఫిర్యాదులకు తలుపు తెరుచుకుంది. 2019 నాటి కొత్త చట్టంలో కమిషన్ స్థాయిని నిర్ణయించేది అడిగే పరిహారం కాదు, సేవకు చెల్లించిన సొమ్ము. 2021 నిబంధనల ప్రకారం ఆ సొమ్ము 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి. పరిశీలకుడి ఫీజు ఎప్పుడూ ఆ లోపే కాబట్టి అతని మీద కేసు జిల్లా స్థాయిలోనే మొదలవుతుంది.

అసలు ఒత్తిడి గడువులది. ఫిర్యాదు కాపీ అందాక జవాబు దాఖలుకు 30 రోజులు, కమిషన్ దయతలిస్తే మరో 15 రోజులు. మొత్తం 45 రోజులు దాటాక జవాబు తీసుకునే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చిలో హిల్లీ కోల్డ్ స్టోరేజ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం కచ్చితంగా చెప్పింది. గడువు దాటిందంటే ఎదుటివారు చెప్పిందే రికార్డులో మిగులుతుంది. సైటు ఫోటోలు, కొలతల పుస్తకం, పాత ఈమెయిళ్లు అన్నీ వెతికి, వకీలును కుదుర్చుకుని, ఆయనకు బీము అంటే ఏమిటో ప్లింత్ అంటే ఏమిటో విడమరచి చెప్పేసరికి ఆ 45 రోజులు ఇట్టే కరిగిపోతాయి.

క్రిమినల్ వైపు చూస్తే పరిస్థితి ఇంకా కటువు. 2004 జులై 16న కుంభకోణం బడిలో మంటలు 94 మంది పిల్లలను బలిగొన్నాయి. 2014లో తంజావూరు కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో ఒక ఇంజనీరూ ఉన్నారు. అప్పీళ్లలో ఆ తీర్పు తర్వాత చాలావరకు సడలింది. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో 11 అంతస్తుల కట్టడం కుప్పకూలి 61 మంది చనిపోయారు. ఉత్తరాంధ్ర నుంచి పనికి వెళ్లిన కూలీలు వారిలో ఎందరో. ఆ కేసులో బిల్డర్లతో పాటు ఇంజనీర్లూ అరెస్టయ్యారు. నిర్లక్ష్యం వల్ల మరణానికి పాత శిక్షాస్మృతిలోని 304ఎ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ దాన్ని ఐదేళ్లకు పెంచింది. వైద్యులకు మాత్రం రెండేళ్లే. ఇంజనీర్లకు ఆ మినహాయింపు లేదు.

బ్యాంకు వాల్యుయర్లది మరో తరహా భయం. హైదరాబాద్ నారాయణగూడలోని ఒక బ్యాంకు శాఖ రుణాల కేసులో ప్యానెల్ న్యాయవాది మీద సీబీఐ పెట్టిన అభియోగాలను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అభిప్రాయం తప్పినంత మాత్రాన కుట్రదారు అయిపోడని, మోసంలో పాలుపంచుకున్నట్టు ఆధారం ఉండాలని చెప్పింది. వాల్యుయర్లు ఈ తీర్పును ఎక్కువగా ఆశ్రయిస్తారు. అయితే కోర్టు దాకా వెళ్లకుండానే ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ హెచ్చరిక జాబితాలో పేరు ఎక్కితే ప్యానెళ్ల తలుపులు వరుసగా మూసుకుంటాయి.

దీన్నిబట్టి పరిశీలకుడి ముందున్నవి మూడు ప్రమాదాలు. మొదటిది జవాబిచ్చే ఖర్చు: నోటీసు, కౌంటరు, వాయిదాలు. రెండోది చెల్లించే ఖర్చు: ఓడితే పరిహారం. మూడోది శిక్ష, లైసెన్సు, పేరు. ఈ మూడింటినీ విడివిడిగా చూస్తేనే ఏ పథకం దేనికి పనికొస్తుందో తెలుస్తుంది.

ముందే కట్టే పద్ధతి ఎక్కడ పుట్టింది?

దీని చరిత్ర మోటారు కార్లతో మొదలైంది. 1917లో ఫ్రాన్సులోని లె మాన్‌లో వాహనదారుల కోర్టు ఖర్చుల కోసం ఒక సంస్థ ఏర్పడింది. 1935లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో అరాగ్ అనే సంస్థ సామాన్యులకూ న్యాయఖర్చుల బీమా అందించడం మొదలుపెట్టింది. యూరప్‌లో ఇది బీమాగానే ఎదిగింది. 1987 నాటి యూరోపియన్ ఆదేశం, కేసు కోర్టుకెక్కినప్పుడు వకీలును ఎంచుకునే హక్కు పాలసీదారుదేనని నిర్ధారించింది.

అమెరికాలో దారి వేరు. అక్కడ కార్మిక సంఘాలు తమ సభ్యులకు వకీళ్లను ఏర్పాటు చేయొచ్చా అన్న వివాదం ముందు నడిచింది. 1960లలో సుప్రీంకోర్టు వరుస తీర్పుల్లో సంఘాల పక్షాన నిలిచింది. 1971లో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో కార్మికుల కోసం ప్రయోగాత్మక పథకం నడిచింది. 1972లో ఓక్లహోమాలోని ఏడాలో హార్లాండ్ స్టోన్‌సైఫర్ చందా పద్ధతిలో న్యాయసేవల కంపెనీ స్థాపించారు. 2011లో అది లీగల్‌షీల్డ్‌గా పేరు మార్చుకుంది. నెలకింత కడితే ఫోను సలహా, ఉత్తరాలు, ఒప్పందాల పరిశీలన, కొంతమేర కోర్టు పని దొరుకుతాయి. పరిహారం మాత్రం కంపెనీ చెల్లించదు. అమెరికా హోమ్ ఇన్‌స్పెక్టర్ల మధ్య ఇప్పుడు నడుస్తున్న వాదన దీని కొనసాగింపే: ఫిర్యాదు ఉత్తరం రాగానే జవాబు రాసిపెట్టే చందా పథకం చాలా, తప్పులకు పూచీపడే బీమా కూడా కావాలా?

మూడో దారి బ్రిటన్ వైద్యులది. 1885లో ఏర్పడిన మెడికల్ డిఫెన్స్ యూనియన్ సభ్యుల చందాలతో పరస్పర రక్షణ పద్ధతి తెచ్చింది. మన దేశంలో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ శాఖలు నడిపే వృత్తి రక్షణ పథకాలు ఆ కోవలోవే. ఇంజనీర్లలో అంత గట్టి ఏర్పాటు పాదుకోలేదు.

నాలుగు వాదాలు

*బీమా పక్షం.* ఇది ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీనే అసలు రక్షణ అంటుంది. ఓడిపోతే లక్షలు కట్టాల్సింది ఎవరు అన్నదే వీరి ప్రశ్న. మన దేశంలో ఈ పాలసీలు ఇంజనీర్లకూ ఆర్కిటెక్ట్‌లకూ దొరుకుతాయి. పరిహారంతో పాటు బీమా కంపెనీ ఒప్పుకున్న మేరకు కోర్టు ఖర్చులూ భరిస్తాయి. బలహీనతలు షరతుల్లో ఉన్నాయి. పాలసీ అమల్లో ఉండగా వచ్చిన క్లెయిముకే వర్తిస్తుంది. కాబట్టి ఒక్క ఏడాది రెన్యువల్ తప్పినా పాత పనులన్నీ రక్షణ లేకుండా మిగులుతాయి. కోర్టు ఖర్చులు సాధారణంగా అదే మొత్తం పరిమితిలోంచి తగ్గిపోతాయి. జరిమానాలు, ఉద్దేశపూర్వక తప్పులు బయటే. అన్నిటికన్నా తరచూ దెబ్బతీసేది ఇంకో షరతు: కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు. యజమాని ఫోన్ చేసినప్పుడు మొహమాటానికి ‘నా ఖర్చుతో బాగు చేయిస్తాలెండి’ అని వాట్సాప్‌లో రాసేస్తే, మంచి మనసుతో రాసిన ఆ మాటే క్లెయిమును తోసిపుచ్చడానికి సాకు కావచ్చు.

*చందా పక్షం.* ఎక్కువ వివాదాలు తీర్పుదాకా వెళ్లవన్నది వీరి వాదన. మొదటి ఉత్తరానికి సరైన జవాబు పడితే చాలావరకు అక్కడే చల్లారతాయి. ఆ దశలో బీమా కంపెనీకి అంత తొందర ఉండదు, సొంత వకీలుకు అంత తీరిక ఉండదు. ఏటా కొంత రిటైనర్ కడితే ఒప్పందం పత్రం, నివేదిక నమూనా, నోటీసుకు జవాబు అన్నీ ఒకే చేతి మీదుగా నడుస్తాయి. 45 రోజుల గడువు దృష్ట్యా ఈ వాదనకు బలముంది. బలహీనత ఏమిటంటే, ఓడితే చెల్లించడానికి ఇందులో పైసా ఉండదు.

*సంఘం పక్షం.* పరిశీలకులే కలిసి నిధి పెట్టుకోవాలనేది వీరి మాట. సంఘానికి వృత్తి తెలుసు. ఏ పగులు నిర్లక్ష్యం వల్ల వచ్చింది, ఏది నల్లరేగడి వల్ల వచ్చిందన్నది తోటి ఇంజనీరుకు బాగా తెలుస్తుంది. కోర్టులో నిపుణుడి సాక్ష్యం కావాల్సినచోట ఇది చిన్న సాయం కాదు. అయితే పరస్పర నిధిలో సాయం చాలాసార్లు కమిటీ విచక్షణ మీదే ఆధారపడుతుంది. బీమా పాలసీలా హక్కుగా అడిగి తీసుకునేది కాదు. సభ్యులు తక్కువైతే ఒక్క పెద్ద కేసుతో నిధి ఖాళీ అవుతుంది. నేలా వానా అందరికీ ఒకటే కావడం మరో ముప్పు. భారీగా వాన పడిన ఏడాది అందరి మీదా ఒకేసారి ఫిర్యాదులు రావచ్చు.

*ఒప్పందం పక్షం.* మంచి కాగితమే మంచి రక్షణ అంటారు వీరు. బాధ్యత ఫీజు మొత్తానికే పరిమితమని ముందే రాసుకోవచ్చు కదా? ఈ ప్రశ్నకు కోర్టులు రెండు రకాలుగా జవాబిచ్చాయి. కొరియర్ సంస్థ కేసు భారతి నిట్టింగ్‌లో 1996లో సుప్రీంకోర్టు అలాంటి పరిమితిని నిలబెట్టింది. అమెరికాలో న్యూజెర్సీ అప్పీలు కోర్టు 2004లో ఒక హోమ్ ఇన్‌స్పెక్టర్ ఒప్పందంలోని పరిమితిని చెల్లదంది. బ్రిటన్‌లో స్మిత్ వర్సెస్ బుష్ కేసుది ఇంకా ముందరి కథ. సర్వేయరు నివేదిక నమ్మి ఒక మహిళ చిన్న ఇల్లు కొన్నారు. గది లోపలి పొగగూటి కట్టడాన్ని ఎవరో తొలగించగా పైన ఆధారం లేకుండా మిగిలిన చిమ్నీ ఇటుకలు కూలి కప్పు గుండా లోపల పడ్డాయి. సామాన్యులు కొనే ఇంటి విషయంలో ‘మాకు బాధ్యత లేదు’ అన్న నిబంధన సమంజసం కాదని 1989లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. మన 2019 చట్టం కూడా అన్యాయమైన ఒప్పందాల మీద రాష్ట్ర కమిషన్‌కు ఫిర్యాదు చేసే వీలిచ్చింది. మధ్యవర్తిత్వ క్లాజు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని 2018 నాటి ఎమ్మార్ ఎంజీఎఫ్ తీర్పు చెబుతోంది. కాబట్టి కాగితం పరిశీలన హద్దులను గీయగలదు గానీ బాధ్యతను తుడిచేయలేదు.

ఒకచోట పోల్చి చూస్తే

- *జవాబిచ్చే ఖర్చు:* చందా పథకం ఇందులో అందరికన్నా ముందుంటుంది. సంఘ నిధి దాని వెనుకే. బీమా భరిస్తుంది కానీ అనుమతి, జాప్యం ఉంటాయి. ఒప్పందం ఈ పనికి రాదు, జవాబుకు సరుకు మాత్రం ఇస్తుంది.
- *చెల్లించే ఖర్చు:* బీమా ఒక్కటే నమ్మదగ్గది. సంఘ నిధి చిన్న మొత్తాలకు సరిపోవచ్చు. చందా పథకం సున్నా. ఒప్పందం కొంత తగ్గించగలదు, అదీ కోర్టు నిలబెడితేనే.
- *శిక్ష, లైసెన్సు, పేరు:* శిక్షను ఏ పథకమూ మోయదు. వాదించే ఖర్చు వరకు చందా, సంఘం ఆదుకోగలవు. బీమాలో క్రిమినల్ కేసుకు ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప భరోసా లేదు. బ్యాంకు జాబితా, మున్సిపల్ రిజిస్ట్రేషన్ వంటివాటిలో సంఘం గొంతుకే విలువ ఎక్కువ.
- *యజమాని కోణం:* నష్టపోయినవారి చేతికి డబ్బు చేర్చేది బీమా మాత్రమే. తక్కినవన్నీ పరిశీలకుడిని కాపాడేవే.

చివరి మాటను చర్చలో తరచూ మరిచిపోతారు. జీవితాంతం కూడబెట్టిన సొమ్ముతో ఇల్లు కొన్నవారికి ఎదుట గట్టి వకీలు ఉండటం వల్ల ఒరిగేదేమీ లేదు. రక్షణ ఎక్కువైతే చూపు మందగిస్తుందని విమర్శించేవారి మాటలోనూ కొంత నిజముంది. ఏటా నివేదికలను తోటివారు తనిఖీ చేసే షరతు పెట్టే పథకానికి ఆ విమర్శ వర్తించదు.

ఇంకా తేలనివి

మొదటిది, చందా పథకం బీమానా కాదా అన్నది. ఎప్పుడొస్తుందో తెలియని కేసు వస్తే ఖర్చు భరిస్తానని ఒక కంపెనీ ముందే డబ్బు తీసుకుంటే, అది రిజిస్టరైన బీమా సంస్థలు మాత్రమే చేయదగ్గ వ్యాపారమని 1938 బీమా చట్టం కింద వాదించే వీలుంది. వకీలుకు నేరుగా కట్టే వార్షిక రిటైనర్‌కు ఈ ఇబ్బంది లేదు.

రెండోది, వకీళ్ల నియమాలు. న్యాయవాది కానివారితో ఫీజు పంచుకోకూడదు. ప్రకటనలతో కేసులు పట్టకూడదు. 2024 జులైలో మద్రాసు హైకోర్టు, న్యాయవాదుల సేవలను ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే వేదికల మీద కఠినంగా స్పందించి, చర్యలు తీసుకోమని బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. అదే హైకోర్టు నుంచి వెళ్లిన బాలాజీ కేసులో 2018లో సుప్రీంకోర్టు, న్యాయవాదులు కాని మూడో వ్యక్తులు కేసుకు డబ్బు పెట్టడానికి అడ్డేమీ లేనట్టే వ్యాఖ్యానించింది. ఈ రెంటి నడుమ చందా కంపెనీలు నిలబడటానికి ఉన్న చోటు ఇరుకు.

మూడోది, వకీలే గడువు దాటబెడితే ఏమిటన్నది. న్యాయవాదుల సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంటే పరిశీలకుడి మీద యజమాని కమిషన్‌కు వెళ్లొచ్చు, తన వకీలు మీద పరిశీలకుడు వెళ్లలేడు. సివిల్ దావా వేసుకోవాల్సిందే. చందా పథకం వైపు మొగ్గేవారు ముందుగా ఆలోచించాల్సిన సంగతి ఇది.

నాలుగోది, వాల్యుయర్ ఎవరికి జవాబుదారీ అన్నది. నియమించేది బ్యాంకు, ఫీజు భారం మోసేది అప్పు తీసుకునేవారు. వారికీ తనకూ ఒప్పందం లేదన్నది వాల్యుయర్ వాదన. స్మిత్ వర్సెస్ బుష్ తరహా తీర్పు మన దగ్గర స్థిరపడితే వాల్యుయర్లందరి లెక్కలూ తిరగరాయాల్సి ఉంటుంది.

ఏ తోవ మేలు?

నాలుగు పక్షాలూ చెప్పినదాంట్లో నిజముంది. కానీ ఒక్కో దానిది ఒక్కో ప్రమాదం. ముందస్తు చందా కొనిపెట్టేది సమయాన్ని, బీమా కొనిపెట్టేది సొమ్మును. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడమే ఈ చర్చలోని పెద్ద పొరపాటు.

కోవిల్‌పట్టి, విరుదునగర్ వంటి చోట్ల పరిశీలకులు తక్కువమంది, ఫీజులు చిన్నవి, నేల మాత్రం మొండిది. అక్కడ వరస ఇలా ఉంటే మేలు. ముందు నివేదిక నమూనా బాగుపడాలి. పరిశీలించిన నెల, తవ్వి చూడని పునాది, చేయని మట్టి పరీక్ష మొదటి పేజీలోనే యజమానికి అర్థమయ్యే భాషలో ఉండాలి. దానికి ఖర్చు లేదు. రెండోది, విడివిడిగా కంపెనీ చందాలు కట్టే బదులు జిల్లా సంఘం తరఫున ఒక వకీలుకో ఇద్దరికో రిటైనర్ ఇచ్చి, నోటీసు అందిన వారంలోపు జవాబు వెళ్లే ఏర్పాటు చేసుకోవాలి. ఇది చట్టపరమైన చిక్కులు తక్కువ ఉన్న మార్గం. మూడోది, పరిహారం కోసం సంఘం పేరుతో గుంపు ఇండెమ్నిటీ పాలసీ తీసుకుని, ఒక్క ఏడాదీ రెన్యువల్ తప్పకుండా చూసుకోవాలి. క్రిమినల్ కేసు వాదన ఖర్చును అందులో స్పష్టంగా రాయించుకోవాలి.

ఇక ప్రభుత్వాల వంతు. స్వీయ ధ్రువీకరణ పేరుతో తనిఖీ భారాన్ని ప్రైవేటు సంతకాల మీదికి నెట్టినప్పుడు, ఆ సంతకం వెనుక బీమా ఉండాలన్న షరతు కూడా రిజిస్ట్రేషన్‌లోనే పెట్టొచ్చు. బ్రిటన్‌లో సర్వేయర్ల వృత్తి సంస్థ సభ్యులకు అలాంటి షరతే ఉంది. అది వచ్చేదాకా ఇల్లు బీటలిచ్చినప్పుడు ఓడేది ఇద్దరు: నష్టపరిహారం రాబట్టుకోలేని యజమాని ఒకరు, చిన్న ఫీజుకు పెద్ద బాధ్యత మోసిన ఇంజనీరు ఒకరు.